ఓరుగల్లులో నిన్నటి కట్టడములు



పాత కట్టడములనగానే మన ఓరుగల్లువారికి వేయిస్తంభముల గుడియు, కోటలోని తోరణములును, పాలంపేటలోని రామప్ప గుడియు జ్ఞప్తికి వచ్చుట సహజము. వానిని గూర్చి చెప్పువారు చాలమంది గలరు. నాకంటె బాగుగ చెప్పగలవారును గలరు. నేను నేడు మీకు మనవి చేయదలచినది అంత ప్రాచీనములు కాని కట్టడములను గూర్చి. అవి నూఱేండ్లో, నూటముప్పదియేండ్లో వయస్సు గలవి. మన తాతలు కట్టుచుండగా చూచినవి. మన తండ్రులు పనిచేసినవి. మనము చిన్నతనమున ప్రక్కనుండి నడచిపోయినవి. ఒక మిల్లు, ఒక చెరసాల, ఒక అంగడి. వీనిలో పెక్కింటికి శాసనములు లేవు. వీనిపై కావ్యములును పుట్టలేదు. అయినను ఇట్టివి పోయిన పిమ్మట ఊరికి ఏదియో వెలితి కలిగినట్లు తోచును. ఆ వెలితి ఎట్లు కలుగుచున్నది, దానిని తగ్గించుకొను మార్గమేమైన గలదా యనునదే నేటి ప్రసంగవిషయము.

పోగొట్టుకొనుట మన నగరమునకు క్రొత్త కాదు. కోట నడుమ నాలుగు దిక్కుల నాలుగు తోరణములు నిలిచియున్నవి గదా. అవి యెందులకు నిలిచినవని నేను బడిలో పిల్లలనడిగినపుడు, 'చూచుటకు' అని బదులు చెప్పెడివారు. అవి స్వయంభూ శివాలయమునకు వాకిండ్లు. 1323వ సంవత్సరమున ప్రతాపరుద్రుని రాజ్యము ఢిల్లీ సేనలపాలైన తరువాత ఆ యాలయము కూల్చబడినది. ఇల్లు పోయి వాకిండ్లు మిగిలినవి. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినపుడు ఆ వాకిటి రూపమునే రాష్ట్రచిహ్నమున చేర్చిరి. అయితే ఆనాడు పడగొట్టినవాడు శత్రువు. ఇప్పుడు నేను చెప్పబోవు కట్టడములను శత్రువెవ్వడును ముట్టలేదు. మన యవసరములకే, మన మేలు కోరియే, మనవారే తొలగించిరి. చిక్కంతయు నిచ్చటనే యున్నది. శత్రువు చేసిన చెఱుపునకు దుఃఖించుట సులభము; మేలుకొఱకు జరిగిన పనిలోని నష్టమును లెక్కించుట కష్టము.

ఆజంజాహి మిల్లు సంగతి చూడుడు. 1934వ సంవత్సరమున, ఏడవ నిజాము మీర్ ఉస్మానలీఖాను పాలనలో, అది వరంగల్లున నెలకొన్నది. ఆయన జ్యేష్ఠపుత్రుడైన ఆజంజా పేరు దానికి పెట్టబడినది. మిల్లు ఇచ్చటనే ఏల పెట్టిరనగా, చుట్టును ప్రత్తి పండు నేలలు గలవు. బెజవాడవఱకు 1889 నాటికే సాగిన నిజాము రైలుమార్గము గలదు. తరతరములుగ నేతపని యెఱిగినవారు గలరు. వరంగల్లు తివాచీ 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునకు పోయినదన్నచో ఇచ్చటి చేతిపని యెంత పేరుపొందినదో గ్రహింపవచ్చును. కొత్తవాడలో జంపఖానముల నేత ఇప్పటికిని గలదు. వరంగల్లు జంపఖానమునకు 2018లో భౌగోళిక గుర్తింపును లభించినది. ఇట్టి యూరిలో వెలసిన మిల్లులోనికి దూది పోయి, దారమై, బట్టయై వెలుపలికి వచ్చెడిది. వడుకుటయు, నేయుటయు ఒక్క ఆవరణముననే జరిగెడివి.

మా తండ్రిగారు ఆ మిల్లులో నేతఖాతాలో పనిచేసిరి. మిల్లు కూతయే మా యింటి గడియారము. తెల్లవారుజాము కూతకు మా యమ్మ పొయ్యి రాజవేసెడిది. పగటి కూతకు ఎసరు పెట్టెడిది. మా వాడలో గోడగడియారమున్న యిండ్లు రెండో మూడో. మిల్లుతో సంబంధము లేని పాలవాడును, బండివాడును, బడిపిల్లలును ఆ కూతనుబట్టియే నడచుకొనెడివారు. మా తండ్రిగారికి సంఖ్య చెక్కిన యొక యిత్తడిబిళ్ళ యుండెడిది. పనికి పోవునపుడు దానిని జేబులో వేసికొని, తిరిగి వచ్చిన పిమ్మట దేవుని గూటిలో పెట్టెడివారు. మేము పిల్లలము దానిని ముట్టరాదు.

తరువాతి కాలమున మిల్లు జాతీయ జౌళి సంస్థ యధీనమునకు వచ్చినది. దేశములోని పెద్దమిల్లులన్నింటికిని పట్టిన యవస్థయే దీనికిని పట్టినది. యంత్రములు పాతబడినవి, వాని స్థానమున క్రొత్తవి చాలినన్ని రాలేదు. మరమగ్గముల బట్ట చవుకగా బజారునకు వచ్చినది. కృత్రిమ దారముల బట్టపై జనులకు మోజు కలిగినది. నష్టము నష్టముపై పేరుకొని 2002లో మిల్లు మూతవడినది. యంత్రములు పోయినవి, గోడలు పోయినవి, నేల మిగిలినది. ఆ నేలలో కొంత ఇండ్లస్థలములైనది. 2023లో వరంగల్లు జిల్లా కార్యాలయముల నూతనభవనమునకు అచ్చటనే శంకుస్థాపన జరిగినది.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలసి యున్నది. నేను ముప్పది యేండ్లకుపైగా తెలుగుపండితుడనై బడిలో పనిచేసితిని. ప్రతియేటను పిల్లలను వేయిస్తంభముల గుడికి తీసికొనిపోయితిని. స్తంభముల నునుపును, జాలరపు పనిని చూపి, కాకతి రుద్రదేవుడు 1163లో ఈ గుడి కట్టించెనని చెప్పించితిని. మా బడికి మిల్లు అరక్రోసెడు దూరములోనే యుండెను. ఒక్కనాడైనను పిల్లలను అచ్చటికి తీసికొనిపోలేదు. వారిలో సగముమంది తండ్రులో తాతలో అచ్చట పనిచేసినవారే. మిల్లు మూతవడిన పిదప, యంత్రములను లారీల కెక్కించుచుండగా, నేను సైకిలుపై ఆ దారినే ప్రతిదినము పోయితిని. ఒకసారియైన దిగి నిలువలేదు. అంతకంటె సిగ్గుచేటైన సంగతి మఱియొకటి గలదు. దానిని చివర చెప్పెదను.

ఇక చెరసాల సంగతి. వరంగల్లు కేంద్రకారాగారము 1886వ సంవత్సరమున నిజాము ప్రభుత్వమునాడు ఏర్పడినది. చెరసాలను ప్రేమించువారెవ్వరని మీరు నవ్వవచ్చును. లోపలనున్నవారు ప్రేమింపకపోవచ్చును గాని, బయటివారికి ఆ యెత్తైన గోడ ఊరి యానవాలు. దారి చెప్పువారు దానిని గుర్తుగా చెప్పెడివారు. లోపల ఖైదీలు నేసిన జంపఖానములును, తివాచీలును ఊరిలో పేరుపడ్డవి. 2021 జూను మాసమున ఖైదీలను ఇతర కారాగారములకు తరలించి, ఆ కట్టడములను పడగొట్టి, ఆ స్థలమున ఇరువదినాలుగంతస్తుల పెద్ద వైద్యశాలకు అదే నెల 21వ తేదీన శంకుస్థాపన చేసిరి.

ఆ మరుసటి నెల, 2021 జూలై 25వ తేదీన, రామప్ప గుడిని ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఊరెల్ల పండుగ చేసికొన్నది. నేనును మిఠాయి పంచితిని. నూటముప్పదియైదేండ్ల కట్టడము పోయిన నెల దాటగానే, ఎనిమిదివందల యేండ్ల కట్టడమునకు ప్రపంచఖ్యాతి వచ్చినదని సంతోషించితిమి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి తలచినవారు తక్కువ. రామప్ప గుడి కూడ 1213లో క్రొత్త కట్టడమే గదా! దానికి నూఱేండ్లు నిండిననాడు, ఇది పాతబడినది, తీసివేయుదమని యెవ్వరైన తలచియున్నచో నేడు మనకు పండుగ యెక్కడిది?

అట్లని వైద్యశాల వలదందునా? అనలేను. కొన్నేండ్ల క్రిందట నా భార్యకు జబ్బుచేసినపుడు, మంచము దొరకక, ఒక వైద్యశాల నడవలో నేలపై చాప పఱచుకొని నాలుగు రాత్రులు గడపితిమి. ఆమె దక్కినది గాని, మా ప్రక్కన పరుండిన యొక వృద్ధుడు దక్కలేదు. ఆ రాత్రులలో నన్నెవరైన, 'పంతులుగారూ, పాతగోడ యుంచుదుమా, మంచములు వేయుదుమా' అని యడిగియున్నచో నేనేమనియుందునో మీరే యూహింపుడు. కావున పాతవానినన్నిటిని అంటుకొనియుండవలెనను పక్షము నాది కాదు. పడగొట్టకతప్పనిదానిని సైతము పడగొట్టు విధానమొకటి గలదనియు, దానిని మనము నేర్చుకొనలేదనియు మాత్రమే నేను చెప్పునది.

ఒకదానికి రక్షణ యుండుటకును, మఱియొకదానికి లేకుండుటకును కారణమేమో తెలిసికొందము. మన దేశమున ప్రాచీన స్మారకములను గూర్చిన చట్టము 1958లో వచ్చినది. నూఱేండ్లకు తక్కువ కాని కట్టడములను కేంద్రప్రభుత్వము జాతీయ ప్రాముఖ్యము గలవిగా ప్రకటింపవచ్చును. ప్రకటించిన పిమ్మట, 2010లో చేసిన సవరణ ప్రకారము, దాని చుట్టును నూఱు మీటర్లలోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపై రెండువందల మీటర్లలో అనుమతి లేక కట్టరాదు. తెలంగాణమునకును 2017లో ప్రత్యేక వారసత్వ చట్టము వచ్చినది. ఇందు గమనింపవలసిన దేమనగా, వయస్సు మాత్రమే రక్షయొసగదు. ఎవరో యొకరు ఆ కట్టడము విలువను గుర్తించి, వ్రాసి, అడిగి, ప్రకటింపజేయవలెను. 1934 నాటి మిల్లు 2002లో మూతవడునప్పటికి దానికి అఱువదియెనిమిదేండ్లే. మనుష్యునకు అది ముసలితనము; చట్టము దృష్టిలో బాల్యము. పాతదని గౌరవము పొందునంతటి వయస్సు రాకముందే పనికిరానిదగుట ఈ నడిమివయస్సు కట్టడముల దురదృష్టము.

చట్టమొక్కటి చాలునా యనగా, చాలదు. దీనికి దూరదేశపు నిదర్శన మొకటి చెప్పెదను. ఇంగ్లాండు దక్షిణతీరమున బ్రైటను అను విహారనగరము గలదు. అచ్చట 1866లో సముద్రములోనికి ఇనుపకంబములపై ఒక వారధి కట్టిరి. అది ఓడలకొఱకు కంటె వినోదముకొఱకు కట్టినది. దానిపై నాటకశాలయు, సంగీతశాలయు వెలసినవి. కాలక్రమమున జనుల రాక తగ్గినది, మరమ్మతుల వ్యయము పెరిగినది, 1975లో దానిని మూసివేసిరి. ఆ దేశపు చట్టము 1982లో దానికి అత్యున్నత శ్రేణి రక్షణ నిచ్చినది. అయినను ఎవ్వరును దానిని వాడలేదు. ఇరువదియెనిమిదేండ్లు మూతవడియుండి, 2003లో తుపానులకును, అగ్నిప్రమాదములకును గురియై నశించినది. నేడు నీటిలో ఇనుప యస్థిపంజర మొకటి కనబడుచున్నది. కాగితముపై రక్ష యుండినను వాడుక లేని కట్టడము నిలువదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

దీనికి మారుపక్షపు నిదర్శనము మన చెంతనే గలదు. ఆజంజా తమ్ముని పేరు మొఅజ్జంజా. ఆయన పేర హైదరాబాదులో 1935లో మొఅజ్జంజాహి మార్కెటును కట్టిరి. అన్న పేరి మిల్లునకును, తమ్ముని పేరి మార్కెటునకును వయస్సులో ఏడాది భేదము. రెండును ఒకే ప్రభువు కాలమునాటివి. మిల్లు పోయినది, మార్కెటు నిలిచినది. మార్కెటు రాతికట్టడమును, గడియారపు గోపురమును శిథిలావస్థకు వచ్చినను, లోపలి దుకాణములు పూర్తిగా మూతపడలేదు. పండ్లవ్యాపారము వేఱొకచోటికి పోయినను, ఐస్ క్రీము తినుటకు జనులు వచ్చుచునేయుండిరి. అందువలన దానిని బాగుచేయవలెనను మాట వచ్చినపుడు అడుగువారు గలిగిరి. మరమ్మతులు ముగిసి 2020 ఆగస్టులో అది మరల తెఱువబడినది. సికిందరాబాదులోని బన్సీలాలుపేట దిగుడుబావి దశాబ్దములుగ చెత్తతో పూడియుండగా, దానిని త్రవ్వించి, శుభ్రపఱచి, 2022 డిసెంబరు 5వ తేదీన ప్రజలకు తెఱచిరి. మన శివనగరములోని అంతస్తుల దిగుడుబావి కూడ పూడికనుండి బయటపడి తేటనీరు చూచినది. బావికి మనుష్యులు వచ్చిపోవుచున్నంతకాలము అది బావి. రాకపోకలు నిలిచిననాడు అది గొయ్యి.

పడగొట్టు విధానము గలదని చెప్పితిని. దానికి మన వేయిస్తంభముల గుడిలోని కల్యాణమండపమే ఉదాహరణము. పునాది క్రుంగి, స్తంభములు ఒరిగిపోవుచుండగా, 2006 ప్రాంతమున పురావస్తుశాఖవారు ఆ మండపమును పూర్తిగా విప్పిరి. కూల్చుటకును విప్పుటకును భేదము గలదు. విప్పునపుడు ప్రతి రాతికి గుర్తు వేయుదురు. అది యే వరుసలో, యే రాతి ప్రక్కన నుండెనో చిత్రములు గీసికొందురు. కాకతీయుల శిల్పులు పునాదిలో ఇసుక నింపెడివారు. మీద బరువు మాఱినపుడును, నేల కదలినపుడును ఆ యిసుక సర్దుకొని కట్టడమును కాపాడును. ఆ పునాదిని మరల సిద్ధపఱచి, రాళ్లను మరల పేర్చి, పదునెనిమిదేండ్లకు, 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రినాడు, మండపమును తెఱచిరి. నడుమ పదునెనిమిదేండ్లు మనమందఱము విసిగితిమి, ఎగతాళియు చేసితిమి. కాని గుర్తులు వేసిన రాళ్లు గావున తిరిగి లేచినవి. గుర్తులు వేయకయున్నచో అది రాళ్లకుప్పయై యుండెడిది.

ఒక మిల్లు గోడలోని ప్రతి యిటుకకును గుర్తు వేయుమని నేననను, అది వ్యర్థము. అయితే పడగొట్టుటకుముందు ఒక నెల గడువు దొరికినను కొన్ని పనులు చేయవచ్చును. మొదటిది, కట్టడమును లోపల వెలుపల ఫోటోలు తీసి, కొలతలు వ్రాసికొనుట. నేడు ప్రతివాని చేతిలోను ఫోటోయంత్రము గలదు. కొలతకు ఒక టేపు చాలును. రెండవది, అచ్చట పనిచేసినవారిని కూర్చుండబెట్టి వారిచేత చెప్పించి వ్రాసికొనుట. మూడవది, ఒక గుర్తు నుంచుట. పొగగొట్టమో, ద్వారమో, ఒక మగ్గమో, కూతయంత్రమో, ఏదియో యొకటి ఆ స్థలముననే నిలిపి, దాని ప్రక్కన నాలుగు పంక్తులు చెక్కించుట. క్రొత్త కట్టడమునకు దానివలన అడ్డు లేదు. నాలుగవది, ఈ వ్రాతలను గ్రంథాలయమునను, బడిలోను భద్రపఱచుట.

ఇందు రెండవదానిని గూర్చి భాషోపాధ్యాయుడనుగా ఒక మాట చెప్పనిండు. కట్టడముతోపాటు మాటలు పోవును. పడుగు, పేక, కండె మొదలగు మాటలు చేనేతమగ్గముననే పుట్టినవి గనుక ఇంకను బ్రదికియున్నవి. మరమగ్గమును సాంచె యనుట నేతపల్లెలలో నేటికిని వినవచ్చును. మిల్లుతో వచ్చిన మాటలు వేఱు. శాఖను ఖాతా యనిరి. పనివారిని కుదిర్చి పని చేయించు మేస్త్రీని జాబరనిరి. ఒకరు రానినాడు వారికి మాఱుగా వచ్చి పనిచేయువానిని బద్లీ యనిరి. మా తండ్రిగారు నాలుగేండ్లు బద్లీగానే యుండి, ప్రతి తెల్లవారుజామున గేటువద్ద నిలిచి, పిలుపు వచ్చినచో లోనికి, రానిచో ఇంటికి వచ్చెడివారట. పిలుపు లేని దినమున మా యమ్మ రెండవపూట పొయ్యి వెలిగించెడిది కాదు. ఆ బద్లీ యను రెండక్షరములలో ఒక కుటుంబపు ఆకలి గలదు. నేను నిఘంటువులు తిరుగవేయుచు బ్రదికినవాడను. ఇంటిలోని యీ మాటను ఎక్కడను వ్రాసికొనలేదు.

ఇక నేను చివర చెప్పెదనన్న సంగతి. మా తండ్రిగారు పోయిన కొన్నేండ్లకు మేము పాతయింటిని పడగొట్టించి రెండంతస్తుల క్రొత్తయిల్లు కట్టించితిమి. కట్టుటకుముందు ఇత్తడి, రాగి, ఇనుము అంతయు ప్రోగుచేసి పాతసామాను కొనువానికి తూచి యిచ్చితిమి. దేవుని గూటిలోని బిళ్ళయు ఆ ప్రోగులోనే పోయినది. ఎవరు వేసిరో తెలియదు, నేనే వేసియుందును. తూచినవాడు నేను, డబ్బు లెక్కపెట్టుకొన్నవాడను నేను. దానిపై చెక్కిన సంఖ్య యేదో ఇప్పుడు ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి రాదు. మా చెల్లెలిని అడిగితిని, ఆమెకును తెలియదు. ఒక మనుష్యుడు ముప్పదియేండ్లు మోసిన సంఖ్య అది. ప్రభుత్వమువారు మిల్లు నుంచలేదని నేనేమి యనగలను? గుప్పిట పట్టు బిళ్ళను నేనుంచలేకపోతిని.

కావున నా మనవి చిన్నది. ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట మీ యింటిలోని పెద్దవారిని ఒకరిని అడుగుడు: మీరు చిన్నప్పుడు దేనిని గుర్తుగా పెట్టుకొని దారి నడచితిరి, ఏ శబ్దము విని నిద్ర లేచితిరి, అది యిప్పుడున్నదా యని. వారు చెప్పినదానిని తేదీ వేసి ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. ఉపాధ్యాయులైనచో పిల్లలచేత వ్రాయింపుడు. గుడి చూపిన దినముననే ఒక పాత అంగడినో, రైలుస్టేషనునో కూడ చూపుడు. కట్టడము నిలుచునో కూలునో మన చేతిలో నుండకపోవచ్చును. అది యుండెనని చెప్పు సాక్ష్యము మాత్రము మన చేతిలోనిదే.

నేను గతమాసమునుండి మిల్లులో పనిచేసిన వృద్ధుల యిండ్లకు పోవుచున్నాను. ఇంతవఱకు పదునొకండుగురు చెప్పినది వ్రాసికొంటిని. వారిలో ఒకాయన లోపలి గదినుండి తన బిళ్ళను తెచ్చి నా చేతిలో పెట్టెను. అఱచేతిలో దాని బరువు నేననుకొన్నదానికంటె ఎక్కువగా నుండెను. సంఖ్యను వ్రాసికొని, బిళ్ళను ఆయనకు మరల ఇచ్చివచ్చితిని.

సెలవు.